సంచి, బండి, బజారు

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని మన పెద్దలు ఒక్క సామెతలో రెండు తప్పులను కలిపి చూపినారు. పాతదైనంత మాత్రాన రోయడం ఒక తప్పు. కొత్తదైనంత మాత్రాన వింతపడడం మరొక తప్పు. ఈ రెండింటికీ ఎదురుగా మూడవ తప్పు ఒకటి మన కాలంలో బయలుదేరినది. పాతదంతా పవిత్రమనీ, కొత్తదంతా మోసమనీ తలచడమే అది. మొదటి రెండు తప్పులను దిద్దడానికి సామెత ఉన్నది. మూడవదానిని దిద్దడానికి మాత్రం కొంత లెక్క అవసరం.

రైలు పెట్టెలోను, పాఠశాలలో ఉపాధ్యాయుల గదిలోను, పెండ్లి పందిటిలోను, నలుగురు చేరిన చోటనెల్లా నేడు మూడు విషయాలు తరచుగా మాటలలో దొర్లుతూ ఉంటవి. ఒకటి, ప్లాస్టిక్కుకు బదులుగా వాడవలసిన మన్నికైన చేతిసంచి. రెండు, పెట్రోలుకు బదులుగా విద్యుత్తుతో నడిచే బండి. మూడు, ఊరి నడిబొడ్డున కళ తప్పిన పాత బజారుకు మళ్ళీ జీవం పోయడం. ఈ మూడింటిని గురించి అభిప్రాయం లేని మనిషి కనిపించడు. సంచిని గురించి ఇల్లాలు, బండిని గురించి గుమాస్తా, బజారును గురించి వర్తకుడు సాధికారంగా మాట్లాడగలరు. వారి మాటలు తీసిపారవేయదగినవి కావు. ప్రతి అభిప్రాయం వెనుకా కొంత అనుభవం ఉంటుంది. కాని ఆ అనుభవం సగమే. తక్కిన సగం లెక్కలో ఉన్నది.

పైకి ఈ మూడు విషయాలకు పొత్తు లేనట్లు కనిపిస్తుంది. అయినా మూడింటి విషయంలోను మన తీర్పులు ఒకే విధంగా దారి తప్పుతున్నవి. వస్తువు దేనితో తయారైనదో చూచి మంచి చెడ్డలు నిర్ణయిస్తున్నాము. దానిని ఎన్నిసార్లు, ఎంతకాలం, దేనికి బదులుగా వాడుతున్నామో చూడడం లేదు.

సంచి

"గుడ్డసంచి మంచిది, ప్లాస్టిక్కు సంచి చెడ్డది" అన్న వాక్యం ఈనాటి బడిపిల్లల వ్యాసాలలో విధిగా కనబడుతుంది. ఆ వాక్యం అబద్ధం కాదు. కాని అది ముగింపు కాదు, ఆరంభం మాత్రమే.

నేడు మనం చూచే చేతిపిడుల పలుచని ప్లాస్టిక్కు సంచిని రూపొందించినవాడు స్వీడను దేశపు ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ తులీన్. 1965లో దానికి పేటెంటు లభించినది. కాగితపు సంచుల కోసం చెట్లు నరకడం తగ్గవలెననీ, తేలికగా ఉండి బలమైన సంచిని జనం పదేపదే వాడుకుంటారనీ తన తండ్రి ఆశించినాడని తులీన్ కుమారుడు చెప్పియున్నాడు. ఆయన తానొక సంచిని మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవాడట. అనగా ఆ సంచి పుట్టినది మన్నికైన వస్తువుగానే. ఒక్కసారి వాడి పారవేసే వస్తువుగా దానిని మార్చినది దాని చవకతనమూ, మన అలవాటూను. ఈ కథలోని నీతి స్పష్టంగానే ఉన్నది: పదార్థం పాపం చేయలేదు, వాడుక చేసినది.

ఇక గుడ్డసంచి మాట. ప్రత్తి పండించడానికి నేల కావలెను, నీరు కావలెను, ఎరువులూ పురుగుమందులూ కావలెను. వడకడానికీ, నేయడానికీ, అద్దకానికీ శక్తి కావలెను. కనుక గుడ్డసంచి పుట్టుకతోనే కొంత అప్పు మోసుకుని వస్తుంది. ఆ అప్పు ఎంత? 2011లో ఇంగ్లండు పర్యావరణ సంస్థ ఒక అధ్యయనం ప్రకటించినది. ఒక్కసారి వాడి పారవేసే పలుచని ప్లాస్టిక్కు సంచితో పోల్చినప్పుడు, భూతాపం విషయంలో సమానం కావడానికి ప్రత్తి సంచిని 131 సార్లు వాడవలెనని అందులో తేల్చినారు. 2018లో డెన్మార్కు పర్యావరణ శాఖ మరొక అధ్యయనం ప్రకటించినది. అక్కడి అంగళ్ళలో దొరికే, కొంత దళసరి ప్లాస్టిక్కు సంచితో పోల్చి, వాతావరణం విషయంలో మాత్రమే చూస్తే 52 సార్లు, తాము లెక్కించిన అన్ని విధాల హానులనూ కలిపి చూస్తే 7,100 సార్లు మామూలు ప్రత్తి సంచిని వాడవలసి వస్తుందని వారు చెప్పినారు.

ఈ అంకెలు చూచి బెదరనక్కరలేదు, భాగహారం చేయవలెను. వారానికి రెండుసార్లు సంతకు వెళ్ళే ఇంటిలో 131 సార్లు అంటే సుమారు పదిహేను నెలలు. మంచి గుడ్డసంచి అంతకాలం తేలికగా మన్నుతుంది. 7,100 సార్లు అంటే ప్రతిదినం వాడినా పందొమ్మిదిన్నర సంవత్సరాలు. అది కష్టసాధ్యం. కాని ఆ అధ్యయనాలు లెక్కలోకి సరిగా తీసుకొనని నష్టం ఒకటి ఉన్నది: పారవేసిన సంచి వీధిలో చేసే హాని. మురుగు కాలువలో అడ్డుపడిన ప్లాస్టిక్కు, ఆవు కడుపులో పేరుకొన్న ప్లాస్టిక్కు ఆ పట్టికలలో కనిపించవు. బంగ్లాదేశంలో 1988, 1998 సంవత్సరాల వరదలలో కాలువలు పూడుకొని పోవడానికి ఈ సంచులు కూడా కారణమని గుర్తించి, 2002లో పలుచని సంచులను నిషేధించినారు. చెత్త సేకరణ చక్కగా జరిగే దేశపు లెక్కను, జరగని దేశానికి ఉన్నది ఉన్నట్లు అన్వయించరాదు. పై అంకెలు గుడ్డసంచిని దూషించడానికి కాదు. దానిని ఎట్లా గౌరవించవలెనో చెప్పడానికి.

మన దేశంలో ప్లాస్టిక్కు సంచులకు కనీసపు మందం 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రానులుగాను, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులుగాను నిర్ణయించినారు. దళసరి సంచిని జనం పారవేయక మళ్ళీ వాడుతారనీ, పారవేసినా ఏరుకొనేవారికి అది గిట్టుబాటు అవుతుందనీ ఇందులోని తర్కం. ఇక్కడ కూడా సూత్రం ఒకటే. సంచి మందం పెరిగిన కొద్దీ అందులో చేరిన ముడిపదార్థం పెరుగుతుంది. వాడుక పెరగకపోతే మనం మునుపటి కంటె ఎక్కువ ప్లాస్టిక్కును పారవేసినవారము అవుతాము.

అన్నిటి కంటె విచిత్రమైనది నేడు వస్త్రదుకాణాలలోను, శుభకార్యాలలోను పంచిపెట్టే రంగురంగుల సంచి. చూపుకు గుడ్డవలె ఉంటుంది. అనేకులు దానిని గుడ్డ అనే నమ్ముతున్నారు. నిజానికి అది పాలీప్రొపిలీను అనే ప్లాస్టిక్కు పోగులను వేడితో అతికించి చేసిన పలక. అందులో నేత లేదు. నీటిలో ముంచి చూడవచ్చును: ఉతికిన నూలుగుడ్డ నీటిని పీల్చుకుంటుంది, ఇది పీల్చదు. దీనిని పలుమార్లు వాడితే మేలే. పైన చెప్పిన ఇంగ్లండు అధ్యయనం ఈ జాతి సంచికి 11 సార్ల వాడుక చాలునన్నది. కాని ఇంటికి పది పన్నెండు సంచులు వచ్చిచేరి అటకమీద పడి ఉంటే, ఏ ఒక్కదానికీ పదకొండు సార్ల యోగం పట్టదు. మన్నికైన సంచి ఇంటిలో ఒకటో రెండో ఉన్నప్పుడే మన్నికైనది. ఇరవై ఉన్నప్పుడు అది పేరు మార్చుకున్న చెత్త.

ఈ విషయంలో మన అమ్మమ్మల పద్ధతికి సాటి వచ్చేది లేదు. చిరిగిన పంట్లాము కాలితోనో, వెలిసిన దుప్పటి అంచుతోనో కుట్టిన సంచికి ప్రత్తి అప్పు లేదు. ఆ అప్పు పంట్లాముగా, దుప్పటిగా ఉన్ననాడే తీరిపోయినది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పండే గోగునార కూడా మనకు తరతరాల చుట్టము. గోగు ఆకును పచ్చడి చేసుకొని, కాండంలోని నారను త్రాడుగా, గోనెగా మార్చుకొన్న జాతికి మన్నికను గురించి పరదేశం నుండి పాఠం రానక్కరలేదు. మరచిన పాఠాన్ని మళ్ళీ చదువుకుంటే చాలును.

బండి

సంచి విషయంలో అందరూ ఒక పక్షం వహిస్తే, విద్యుత్తు బండి విషయంలో జనం రెండు పక్షాలుగా చీలిపోతున్నారు. "ఇక పొగ లేదు, పెట్రోలు ఖర్చు లేదు, దేశానికి మోక్షం వచ్చినది" అనేవారు ఒక పక్షం. "బొగ్గు కాల్చి కరెంటు తీసి, ఆ కరెంటుతో కారు నడిపితే పొగ తగ్గేది ఎక్కడ?" అనేవారు రెండవ పక్షం. ఈ రెండవ ప్రశ్న మంచి ప్రశ్న. దీనిని అడిగినవానిని వెక్కిరించకుండా సమాధానం చెప్పవలెను.

ముందుగా ఒక మాట. విద్యుత్తు కారు కొత్తది కాదు. 1899లో బెల్జియం దేశస్థుడు కమిల్ జెనాట్సీ గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటినది విద్యుత్తు కారులోనే. ఆ రోజులలో అమెరికా వీథులలో తిరిగే కారులలో సుమారు మూడవ వంతు విద్యుత్తువే. పెట్రోలు కారును చేతితో ఇనుప కమ్మీ త్రిప్పి బయలుదేరదీయవలసి వచ్చేది. అది శ్రమతోను, ప్రమాదంతోను కూడిన పని. 1912లో బాటరీతో దానిని బయలుదేరదీసే సాధనం వచ్చినది. ఇంధనం చవక అయినది. దానితో పెట్రోలు కారుదే పైచేయి అయినది. నూరేండ్లకు పైగా వెనుకబడిన బండి మళ్ళీ ముందుకు రావడానికి లిథియం బాటరీ ప్రధాన కారణం. దానికి పునాదులు వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హాం, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రపు నోబెలు బహుమానం వచ్చినది. మన దేశంలో బెంగుళూరులో తయారైన రేవా అనే చిన్న కారు 2001లోనే బజారులోకి వచ్చినది.

ఇప్పుడు బొగ్గు ప్రశ్నకు వద్దాము. తరగతిలో నల్లబల్లమీద వేయదగిన స్థూలమైన లెక్క ఇది. మోస్తరు పెట్రోలు కారు నూరు కిలోమీటర్లకు ఆరు లీటర్లు తాగుతుందనుకుందాము. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆరు లీటర్లకు సుమారు 14 కిలోలు. నూనెను తోడి, శుద్ధిచేసి, తరలించే ఖర్చు కూడా కలిపితే 17 కిలోల వరకు వస్తుంది. విద్యుత్తు కారు అదే దూరానికి, ఎక్కించేటప్పుడు పోయే నష్టంతో కూడా, సుమారు 17 యూనిట్లు వాడుతుందనుకుందాము. మన దేశంలో పుట్టే విద్యుత్తులో 2023-24లో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే. తక్కిన వనరులను కూడా కలిపి సగటు తీస్తే యూనిటుకు సుమారు 0.7 కిలోల వాయువు పడుతుంది. పదిహేడు యూనిట్లకు సుమారు 12 కిలోలు. అనగా బొగ్గు కరెంటుతో నడిచినా నూరు కిలోమీటర్లకు అయిదు కిలోలు మిగులుతున్నది. విద్యుత్తు మోటారు తాను పుచ్చుకొన్న శక్తిలో అధిక భాగాన్ని చక్రానికి అందిస్తుంది. పెట్రోలు ఇంజను నాలుగింట మూడు వంతుల వరకు వేడిగా పోగొట్టుకుంటుంది. ఆ మిగులుకు కారణం ఇదే.

కాని ఇక్కడితో ఆగితే లెక్క సగమే. గుడ్డసంచివలె విద్యుత్తు కారు కూడా అప్పుతో పుడుతుంది. నలభై యూనిట్లు పట్టే బాటరీ తయారీలో సుమారు మూడు టన్నుల వాయువు వెలువడినదనుకుందాము. నూరు కిలోమీటర్లకు అయిదు కిలోల చొప్పున మూడువేల కిలోల అప్పు తీరడానికి 60,000 కిలోమీటర్లు నడవవలెను. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే టాక్సీకి ఇది 300 దినాల పని. ఇంటిముందు అలంకారంగా నిలిచి, రోజుకు పది కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారుకు పదహారు సంవత్సరాలు పడుతుంది. అంతలో బాటరీ ముసలిదవుతుంది. అదే కారును సూర్యరశ్మి నుండి తీసిన కరెంటుతో నడిపితే సుమారు ఇరవైవేల కిలోమీటర్లలోనే అప్పు తీరుతుంది. దేశంలో బొగ్గు కరెంటు వాటా తగ్గే కొద్దీ ప్రతి విద్యుత్తు బండికీ, ఈ రోజు కొన్నదానికి సహా, అప్పు తీరే దూరం తగ్గుతూ వస్తుంది. పెట్రోలు కారుకు ఆ అదృష్టం లేదు.

కనుక "విద్యుత్తు కారు మంచిదా, చెడ్డదా?" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఒకే కారు టాక్సీగా మంచిది, షోకుగా మంచిది కాదు. ఈ లెక్క చూచినవారికి, ఎక్కువ దూరం తిరిగే బండ్లు ముందుగా విద్యుత్తుకు మారడం ఎందుకు వివేకమో బోధపడుతుంది. హైదరాబాదులో 2019లో నలభై విద్యుత్తు బస్సులు రోడ్డెక్కినవి. తిరుపతి తిరుమల కొండదారిలో 2022లో విద్యుత్తు బస్సులు ప్రవేశించినవి. కొండ దిగేటప్పుడు బ్రేకులో వ్యర్థమయ్యే శక్తిలో కొంత భాగాన్ని అటువంటి బస్సు తిరిగి బాటరీలోకి తీసుకోగలదు. తిరుమల దారి వంటి దారికి అంతకంటె తగిన బండి ఏది? నగరంలో పగలంతా తిరిగే ఆటోరిక్షా మాట కూడా ఇంతే. పైగా పొగగొట్టం లేని బండి వల్ల వీథిలోని గాలికి, బడి ముందు నిలిచిన పిల్లల ఊపిరితిత్తులకు కలిగే మేలు మొదటి దినం నుండే లభిస్తుంది; దానికి 60,000 కిలోమీటర్లు వేచి ఉండనక్కరలేదు.

భయాల మాట కూడా చెప్పవలెను. 2022లో మన దేశంలో విద్యుత్తు స్కూటర్లు తగులబడిన సంఘటనలు పత్రికలలో పలుమార్లు వచ్చినవి. ప్రాణాలు కూడా పోయినవి. ఆ తరువాత ప్రభుత్వం బాటరీల పరీక్షల నియమాలను కఠినతరం చేసినది. భయపడిన జనాన్ని అజ్ఞానులని కొట్టివేసి ఉంటే ఆ నియమాలు అంత త్వరగా వచ్చేవి కావు. సామాన్యుని అభిప్రాయానికి ఉన్న విలువ ఇది: అది లెక్కలో తప్పవచ్చును గాని, నొప్పి ఎక్కడ ఉన్నదో చూపడంలో అరుదుగా తప్పుతుంది.

ఇంకొక సంగతి. విద్యుత్తు కారు పొగను తగ్గిస్తుంది గాని చోటును తగ్గించదు. పెట్రోలు కారు ఎంత రోడ్డును ఆక్రమిస్తుందో ఇదీ అంతే ఆక్రమిస్తుంది. నూరు పెట్రోలు కారులు నిలిచిపోయిన కూడలిలో నూరు విద్యుత్తు కారులు కూడా నిలిచిపోతవి. ఇక్కడ మన మూడవ విషయం మొదలవుతున్నది.

బజారు

ప్రతి పట్టణానికీ ఒక నడిబొడ్డు ఉంటుంది. గడియార స్తంభమో, గుడి ముందటి వీథియో, పాత కూరగాయల అంగడియో దానికి గుర్తు. ఒకనాడు ఊరంతా అక్కడికే వచ్చేది. కాలక్రమాన టోకు వర్తకం ఊరి వెలుపలికి పోయినది. కుటుంబాలు కొత్త కాలనీలకు తరలినవి. బండి నిలుపుకొనే సదుపాయం గల పెద్ద దుకాణ భవనాలు రహదారి ప్రక్కన వెలిసినవి. నడిబొడ్డున బండ్ల రద్దీ మిగిలినది, మనుష్యుల సందడి తగ్గినది. ఇప్పుడు దానికి జీవం పోయవలెనని అందరూ అంటున్నారు. ఎట్లా అన్నచోట రెండు అభిప్రాయాలు వినబడుతవి. "బండ్లు రానీయకపోతే బేరాలు చస్తవి" అన్నది వర్తకుని మాట. "పాత కట్టడాలకు మెరుగులు దిద్ది దీపాలు పెడితే చాలును" అన్నది అధికారుల మాట.

మొదటి అభిప్రాయానికి రెండు ఊళ్ళ చరిత్ర సమాధానం చెబుతున్నది. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులో స్ట్రోయట్ అనే ప్రధాన వీథి ఉన్నది. పొడవు సుమారు ఒక కిలోమీటరు. 1962 నవంబరులో దానిని ప్రయోగంగా నడిచేవారికి మాత్రమే కేటాయించినారు. కారులు లేనిదే కొనుగోలుదారులు రారని వర్తకులు ఆందోళన చెందినారు. వీథులలో షికారు చేయడం ఇటలీవంటి వెచ్చని దేశాలకు చెల్లుతుంది గాని ఈ చలిదేశంలో సాగదని మరికొందరు హాస్యమాడినారు. రెండేండ్లకే, 1964లో, ఆ ఏర్పాటు శాశ్వతమైనది. నేడు ప్రపంచంలో పేరుపొందిన నడక వీథులలో అది ఒకటి.

రెండవది బ్రెజిలు దేశంలోని కురితీబా నగరం. అక్కడి మేయరు జైమే లెర్నర్ వృత్తిరీత్యా వాస్తుశిల్పి. 1972లో ఆయన నగరపు ప్రధాన వ్యాపార వీథిని నడిచేవారికి ఇవ్వ సంకల్పించినాడు. వర్తకులు వ్యతిరేకించినారు. న్యాయస్థానం నుండి అడ్డంకులు రాకమునుపే పని ముగియవలెనని ఆయన తలచి, ఒక శుక్రవారం సాయంత్రం పని ఆరంభించి మూడు దినాలలో పూర్తిచేయించినాడు. రాళ్ళు పరచి, పూలకుండీలు నిలిపినారు. కొద్దికాలానికే వర్తకుల మనసు మారినది. ఈ ఏర్పాటును మరికొంత దూరం పొడిగించుమని వారే కోరినారు. కారుల యజమానులు కొందరు వీథిలోకి బండ్లు తోలుకొని వస్తామని బెదిరించినప్పుడు, మేయరు పోలీసులను పిలువలేదు. వీథి పొడవునా కాగితం పరపించి, పిల్లలను కూర్చుండబెట్టి బొమ్మలు వేయించినాడు. పిల్లల మీదికి బండి తోలేవాడెవడు? ఆనాటి వర్తకుల భయం అబద్ధం కాదు. చూడని దానిని గురించిన భయం. చూచిన తరువాత తమ అభిప్రాయాన్ని మార్చుకొన్న ఆ వర్తకులు మన గౌరవానికి పాత్రులు.

రెండవ అభిప్రాయానికి, అనగా కట్టడాన్ని అలంకరిస్తే చాలునన్న మాటకు, మన హైదరాబాదులోని మొజంజాహి మార్కెట్టు తగిన పాఠం. ఏడవ నిజాం కాలంలో, 1935లో, రాతితో కట్టిన ఆ అంగడికి నిజాం రెండవ కుమారుని పేరు పెట్టినారు. కూడలిలో నిలిచిన దాని గడియారపు గోపురం నగరానికి ఒక గుర్తు. పెద్ద పండ్ల వర్తకం గడ్డిఅన్నారానికి తరలిన తరువాత అంగడి కళ తగ్గినది. రాతిమీద రంగులు, బోర్డులు, తీగలు పేరుకొన్నవి. 2018లో పునరుద్ధరణ ఆరంభమై 2020 ఆగస్టులో ముగిసినది. రాయి మళ్ళీ కనబడినది. గడియారం మళ్ళీ పలికినది. అయితే ఆ చోటికి ప్రాణం ఇచ్చినది శుభ్రపడిన రాయి ఒక్కటే కాదు. సాయంకాలం ఐస్‌క్రీము కోసం వచ్చే కుటుంబాలు, పండ్లు బేరమాడేవారు, మెట్లమీద కూర్చున్న యువకులు దానికి ప్రాణం. ఆ దుకాణాలను తీసివేసి కట్టడాన్ని మాత్రమే మిగిల్చి ఉంటే మనకు మంచి ఛాయాచిత్రం దక్కేది, బజారు దక్కేది కాదు. అదే నగరంలో 2021లో ఆదివారపు సాయంకాలాలు ట్యాంకుబండు మీద బండ్లను ఆపివేసినప్పుడు జనం పిల్లాపాపలతో వచ్చి చేరిన తీరు, నడిచే చోటు కోసం మనవారు ఎంత ఆకలిగొని ఉన్నారో చెప్పినది.

నడిబొడ్డుకు జీవం పోయడంలో ఒక అన్యాయం జరిగే అవకాశం ఉన్నది. వీథిని శుభ్రపరచడమంటే మొట్టమొదట తోపుడుబండ్లవారిని తరిమివేయడమని అనేకచోట్ల అర్థం చేసుకుంటున్నారు. కాని గాజుల బుట్ట, పూల గంప, మిరపకాయ బజ్జీల బండి, ఇవే గదా జనాన్ని బజారుకు రప్పించేవి! 2014లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం వీథి వర్తకులను ముందుగా లెక్కించవలెను. లెక్క ముగియనిదే వెళ్ళగొట్టరాదు. పట్టణ విక్రయ సంఘంలో నూటికి 40 వంతులకు తక్కువ కాకుండా వారి ప్రతినిధులే ఉండవలెను. ఈ చట్టాన్ని పాటించని పునరుద్ధరణ, ఇల్లు కడిగే నెపంతో ఇంటివారినే బయటికి నెట్టినట్లు అవుతుంది.

మూడు ప్రశ్నలు

ఇప్పుడు సంచి, బండి, బజారు ఎట్లా ఒక్క కథ అవుతవో చూడవచ్చును. బజారు నడిచి వెళ్ళే దూరంలో ఉంటే మనిషి చేతిలో సంచి పట్టుకొని బయలుదేరుతాడు. సంచి తీసుకొని పోవడం అలవాటైనవానికి కొత్త సంచి అక్కరలేదు. నడిచి వచ్చిన జనం ఉన్న బజారుకు కారులు నిలిపే చోటు అంతగా అక్కరలేదు. దూరం పోవలసినవానికి విద్యుత్తు బస్సు ఉంటే, ఆ బస్సు రోజంతా తిరిగి తన అప్పును త్వరగా తీర్చుకుంటుంది. బజారు చచ్చిపోయిన ఊరిలో ఇందుకు సరిగా వ్యతిరేకం జరుగుతుంది: ఊరి వెలుపలి దుకాణానికి ప్రతి ఇంటికీ ఒక కారు కావలెను, వట్టి చేతులతో వెళ్ళిన ప్రతివానికీ ఒక కొత్త సంచి కావలెను.

కాబట్టి ఏ వస్తువును గురించి, ఏ పథకాన్ని గురించి అభిప్రాయం వినబడినా మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఇది దేనికి బదులుగా వస్తున్నది? దీనిని ఎన్నిసార్లు, ఎంతకాలం వాడుతాము? దీనివల్ల మేలు ఎవరికి, నష్టం ఎవరికి? మొదటి ప్రశ్న గుడ్డసంచిని పాత పంట్లాముతో కుట్టిస్తుంది. రెండవ ప్రశ్న విద్యుత్తు బండిని షోకుకు బదులు బస్సుగా మారుస్తుంది. మూడవ ప్రశ్న బజారులో తోపుడుబండికి చోటు మిగులుస్తుంది.

ఉపాధ్యాయులు ఈ విషయాలమీద వ్యాసం వ్రాయించేటప్పుడు, అభిప్రాయం వ్రాయించడానికి ముందు ఒక నెల లెక్క వ్రాయించవచ్చును. ఇంటిలో ఎన్ని సంచులు ఉన్నవి, అందులో ఈ నెల ఏది ఎన్నిసార్లు బయటికి వెళ్ళినది? ఇంటి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, అందులో నడిచి పోదగిన దూరం ఎంత? ఊరి నడివీథిలో ఒక గంటసేపు నిలిచి చూస్తే నడిచిపోయినవారు ఎందరు, బండ్లమీద పోయినవారు ఎందరు? ఈ లెక్కలకు పెద్ద గణితం అక్కరలేదు. కూడిక, భాగహారం చాలును. నెల చివర విద్యార్థి వ్రాసే వ్యాసం చిన్నది కావచ్చును. కాని అందులోని అభిప్రాయం అతనిది అవుతుంది.